బేస్‌బాల్: మైదానాలు మూతపడ్డాక సాగే కోట్ల డాలర్ల బేరాలు.. చివరి మాట వైద్య నివేదికదేనా?

2024 సెప్టెంబరు 12. అమెరికా వాయవ్య తీరంలోని సియాటిల్ నగరం. టెక్సస్ రేంజర్స్ జట్టు తరఫున 24 ఏళ్ల కుమార్ రాకర్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో తొలిసారి బంతి చేతబట్టారు. ఆయన తల్లి వైపు తాత, అమ్మమ్మ ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు. ఆ రోజు నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురు బ్యాటర్లను రాకర్ స్ట్రైక్‌అవుట్ చేశారు.

మరుసటి రోజు అదే మైదానంలో, అదే జట్టు తరఫున 36 ఏళ్ల జేకబ్ డిగ్రామ్ బరిలోకి దిగారు. మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఆయన బంతి విసిరి అప్పటికి పదహారు నెలలు దాటింది.

ఈ ఇద్దరికీ 2023లో కుడి మోచేతికి ఒకే రకమైన శస్త్రచికిత్స జరిగింది. అయితే వారు ఈ జట్టులోకి వచ్చిన దారులు పూర్తిగా వేరు. రాకర్‌ను 2021లో ఎంచుకున్న న్యూయార్క్ మెట్స్ జట్టు, ఆయన వైద్య పరీక్షల ఫలితాలు చూశాక ఒప్పందం చేసుకోకుండా వెనక్కి తగ్గింది. గాయాల చరిత్ర లోకానికంతటికీ తెలిసిన డిగ్రామ్‌ను మాత్రం రేంజర్స్ 2022 డిసెంబరులో ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది.

ఒక శరీరాన్ని ఎందుకు వద్దనుకున్నారు? మరో శరీరంపై అంత సొమ్ము ఎందుకు పెట్టారు? మ్యాచ్‌లు లేని నెలల్లో అమెరికా బేస్‌బాల్ అభిమానుల వాదోపవాదాలన్నీ చివరకు చేరేది ఇలాంటి ప్రశ్నల దగ్గరికే.

ఆట లేని కాలంలో ఇంత చర్చ ఎందుకు?

మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అక్టోబరులో నాకౌట్ పోటీలు, వాటి ముగింపుగా వరల్డ్ సిరీస్ జరుగుతాయి. అక్కడి నుంచి ఫిబ్రవరిలో ఫ్లోరిడా, ఆరిజోనా రాష్ట్రాల్లో శిక్షణ శిబిరాలు మొదలయ్యే దాకా ఆట ఉండదు.

అయితే ఆటగాళ్ల కొనుగోళ్లు, మార్పిడులు ఊపందుకునేది సరిగ్గా ఈ విరామంలోనే. ఈ కాలానికి అభిమానులు పెట్టుకున్న పేరు ‘హాట్ స్టోవ్ లీగ్’. పూర్వం చలికాలపు సాయంత్రాల్లో ఊరి దుకాణంలోని పొయ్యి చుట్టూ చేరి, వచ్చే ఏడాది జట్టు ఎలా ఉండబోతోందో ముచ్చటించుకునే అలవాటు నుంచి ఈ మాట పుట్టింది. తెలుగు పల్లెల్లో చలిమంట చుట్టూ సాగే కబుర్ల లాంటిదే అది. నేడు పొయ్యి స్థానంలో రేడియో కార్యక్రమాలు, ఫోన్ తెరలు వచ్చాయి. చర్చ మాత్రం మారలేదు.

ఆ చర్చలో ప్రధానంగా మూడు అంశాలు వినిపిస్తాయి. ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకున్నారు? ఎన్నేళ్లకు ఎంత ఇస్తున్నారు? గాయపడినవారు మునుపటిలా ఆడగలరా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సంతకాలైన రోజే తెలిసిపోతుంది. మూడోదానికి జవాబు తేలడానికి ఏళ్లు పడుతుంది. కానీ మొదటి రెండూ సరైనవో కావో నిర్ణయించేది ఆ మూడోదే.

ఐపీఎల్ వేలానికీ దీనికీ తేడా ఏమిటి?

ఐపీఎల్ అభిమానులకు వేలం సుపరిచితం. 2024 నవంబరులో రిషభ్ పంత్‌ను లక్నో సూపర్ జెయింట్స్ 27 కోట్ల రూపాయలకు దక్కించుకున్నప్పుడు, సుత్తి దెబ్బతో నిమిషాల్లో ధర తేలిపోయింది. బేస్‌బాల్‌లో వేలం లేదు. ఆటగాడి తరఫున ఏజెంటు ఒక్కో జట్టుతో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బేరమాడతారు. జీతాలపై కచ్చితమైన గరిష్ఠ పరిమితి లేదు. నిర్దేశించిన మొత్తాన్ని దాటి ఖర్చు చేసే జట్లు మాత్రం అదనపు పన్ను చెల్లించాలి.

మరో ముఖ్యమైన తేడా ఆటగాడి సమ్మతికి సంబంధించినది. ఐపీఎల్‌లో ఒక జట్టు నుంచి మరో జట్టుకు బదిలీ కావాలంటే ఆటగాడు ఒప్పుకోవాలి. బేస్‌బాల్‌లో సాధారణంగా ఆ అవసరం లేదు. ఆటగాడి ఒప్పందాన్ని జట్టు యాజమాన్యం మరో జట్టుకు అప్పగించవచ్చు. బదులుగా వేరే ఆటగాళ్లను తీసుకోవచ్చు. దీనినే ‘ట్రేడ్’ అంటారు. ఒప్పందంలో ప్రత్యేక నిబంధన రాయించుకున్నవారు, లేదా మేజర్ లీగ్‌లో పదేళ్లు ఆడి అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో గడిపినవారు మాత్రమే వద్దని చెప్పగలరు.

ఈ కొద్దిపాటి హక్కు వెనుక కూడా ఒక పోరాటం ఉంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 12 సీజన్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియా జట్టుకు మార్చారు. ఆయన వెళ్లనన్నారు. ఇష్టం ఉన్నా లేకున్నా కొనుక్కునే, అమ్ముకునే ఆస్తిని కానంటూ బేస్‌బాల్ కమిషనర్‌కు లేఖ రాసి, న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అప్పట్లో ‘రిజర్వ్ నిబంధన’ కారణంగా ఆటగాడు జీవితాంతం ఒకే యాజమాన్యానికి కట్టుబడి ఉండాల్సి వచ్చేది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆయన ఆటజీవితం అప్పటికే ముగిసింది.

అయితే మూడేళ్లు తిరిగేసరికి ఆ నిబంధన కుప్పకూలింది. 1975 డిసెంబరులో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల వివాదంలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల పక్షాన నిర్ణయం ప్రకటించారు. నేడు మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, ఒప్పందం ముగిసినవారు తమకు నచ్చిన జట్టుతో బేరం కుదుర్చుకోవచ్చు. వీరినే ‘ఫ్రీ ఏజెంట్లు’ అంటారు. ప్రతి శీతాకాలంలో పతాక శీర్షికలకెక్కే కోట్ల డాలర్ల ఒప్పందాలన్నింటికీ ఆ నిర్ణయమే మూలం.

ఒక చీలమండ, మూడు జట్లు

బేస్‌బాల్ ఒప్పందాల్లో సొమ్ముకు హామీ ఉంటుంది. ఆడుతూ గాయపడి ఏడాదంతా బయట కూర్చున్నా ఆటగాడి జీతం ఆగదు. అందుకే సంతకానికి ముందు జట్టు వైద్యులు ఆటగాడిని ఆపాదమస్తకం పరీక్షిస్తారు. ఒప్పందం కుదిరిందన్న వార్తల్లో ‘వైద్య పరీక్ష పూర్తి కావాల్సి ఉంది’ అనే మాట తరచూ కనిపిస్తుంది. చాలామంది దానిని లాంఛనమనే అనుకుంటారు. 2022 డిసెంబరులో జరిగిన ఒక ఉదంతం అలా కాదని చాటింది.

కార్లోస్ కొరియా అప్పటికి 28 ఏళ్ల పేరున్న షార్ట్‌స్టాప్. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచి వేగంగా వచ్చే బంతులను ఆపే ఆ స్థానం జట్టులో ఎంతో కీలకం. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆయనతో 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్ల ఒప్పందానికి అంగీకరించింది. వైద్య పరీక్షలో పాత సంగతి ఒకటి ముందుకు వచ్చింది. 2014లో, మేజర్ లీగ్‌కు రాకముందే, ఆయన కుడి కాలి దిగువ ఎముక విరిగితే శస్త్రచికిత్స చేసి లోహపు పలక అమర్చారు. ఆయన్ను అభిమానులకు పరిచయం చేయాల్సిన సమావేశాన్ని జెయింట్స్ ఆ రోజే వాయిదా వేసింది.

గంటల వ్యవధిలో న్యూయార్క్ మెట్స్ రంగంలోకి దిగి 12 ఏళ్లకు 31.5 కోట్ల డాలర్లిస్తామంది. అక్కడి వైద్యులూ అదే చీలమండను చూసి సందేహించారు. చివరికి 2023 జనవరిలో కొరియా తన పాత జట్టు మిన్నెసోటా ట్విన్స్‌తోనే ఆరేళ్లకు 20 కోట్ల డాలర్లకు సంతకం చేశారు. ఆ తర్వాతి ఏళ్లకు సొమ్ము దక్కాలంటే షరతులు నెరవేరాలి.

ఒక ఎక్స్‌రే 15 కోట్ల డాలర్లు మింగేసిందని అప్పట్లో అభిమానులు చెప్పుకొన్నారు. లెక్కను కాస్త దగ్గరగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి ఒప్పందంలో ఏడాదికి సగటున 2.7 కోట్ల డాలర్లు వస్తే, చివరి ఒప్పందంలో 3.3 కోట్లకు పైగా వచ్చింది. అంటే ఏడాది జీతం తగ్గలేదు, పెరిగింది. తగ్గినవి హామీ ఉన్న సంవత్సరాలే. కొరియా ఆ రోజు ఆడగలరా అన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. పదేళ్ల తర్వాత ఆ చీలమండ ఏమవుతుందన్నదే భయం. అది రోగనిర్ధారణ కాదు, అంచనా. అంచనా కాబట్టే ఒక వైద్యుడు కాదన్నచోట మరొకరు సరేననగలిగారు.

ఆ తర్వాత కొరియా 2024లో ఆల్‌స్టార్‌గా ఎంపికయ్యారు. అరికాలి నొప్పి ఆయన్ను వెంటాడింది. 2025 జులైలో ట్విన్స్ ఆయన్ను తొలినాళ్ల జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ట్రేడ్ చేసింది.

ట్రేడ్‌లోనూ వైద్యుడి మాటే

సంతకాలకే కాదు, మార్పిడులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2020 ఫిబ్రవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ తన మేటి ఆటగాడు మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇవ్వడానికి సిద్ధపడింది. మొదట కుదిరింది మూడు జట్ల ఒప్పందం. అందులో భాగంగా మిన్నెసోటాకు చెందిన యువ పిచర్ బ్రస్‌డార్ గ్రాటెరోల్ బోస్టన్‌కు రావాలి. ఆయన వైద్య నివేదికలు చూశాక బోస్టన్ మనసు మార్చుకుంది. కొన్ని రోజుల ఉత్కంఠ తర్వాత ఒప్పందాన్ని మళ్లీ కొత్తగా అల్లారు. గ్రాటెరోల్ కూడా డాడ్జర్స్‌కే వెళ్లారు.

అదే ఏడాది డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు గ్రాటెరోల్ ఆ జట్టులో ఉన్నారు. బోస్టన్ అభిమానులకు అది పుండు మీద కారం. అయితే ఆయన 2024లో ఎక్కువ కాలం గాయాలతోనే గడిపారు. ఆ తర్వాత భుజానికి శస్త్రచికిత్స జరిగి 2025 సీజన్ మొత్తానికి దూరమయ్యారు. ఇంతకీ వైద్యులు చెప్పింది నిజమైందా, కాలేదా? అడిగిన ఏడాదిని బట్టి జవాబు మారుతుంది.

మోచేతిలో ఏముంది?

క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లను వెన్నునొప్పి వేధించినట్టే బేస్‌బాల్ పిచర్లను మోచేయి వేధిస్తుంది. పిచర్ చేయి వంచి, శక్తినంతా కూడగట్టి బంతి విసిరిన ప్రతిసారీ మోచేతి లోపలి వైపున ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్‌పై తీవ్రమైన ఒత్తిడి పడుతుంది. అది సాగి సాగి చివరకు చిరిగిపోతుంది. 1974కు ముందు దాని అర్థం ఒక్కటే: ఆట ముగిసింది.

ఆ ఏడాది డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు ఇదే జరిగింది. 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి చేతి నుంచి టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, చిరిగిన లిగమెంట్ స్థానంలో అల్లారు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక పాలేనని జోబ్ భావించారు. జాన్ 1976లో తిరిగి వచ్చి, 1989లో 46 ఏళ్ల వయసు దాకా ఆడారు. ఆయన ఖాతాలోని 288 విజయాల్లో 164 శస్త్రచికిత్స తర్వాతివే. ఆ చికిత్సకు ఆయన పేరే స్థిరపడిపోయింది.

నేడు ‘టామీ జాన్’ అనే మాట అభిమానుల సంభాషణలో నిత్యం దొర్లుతుంది. కోలుకోవడానికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు పడుతుంది. సమస్య ఏమిటంటే చికిత్స మెరుగుపడినకొద్దీ గాయాలు తగ్గలేదు. మేజర్ లీగ్ 2024 డిసెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, పిచర్లను గాయాల జాబితాలో చేర్చిన సందర్భాలు 2005లో 212 ఉండగా 2024లో 485కు చేరాయి. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు సుమారు 147 కిలోమీటర్లు. 2024 నాటికి అది దాదాపు 152కు పెరిగింది. గరిష్ఠ వేగం కోసం ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడం గాయాలకు ముఖ్య కారణాల్లో ఒకటని ఆ అధ్యయనం పేర్కొంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. వేగం ఉన్న పిచర్‌కే ఎక్కువ జీతం దక్కుతుంది. ఆ వేగమే మోచేతిని అరగదీస్తుంది. శీతాకాలపు బజారులో ధర పెంచే గుణమూ, వేసవిలో ఆటగాడిని శస్త్రచికిత్స బల్ల ఎక్కించే గుణమూ ఒక్కటే.

తెలిసీ చేసే సాహసం

గాయం ఉందని తెలిసి కూడా జట్లు ఎందుకు సొమ్ము పెడతాయి? జపాన్ ఆటగాడు షోహెయ్ ఓతానీ ఉదాహరణ ఇందుకు జవాబిస్తుంది. బ్యాటింగ్‌లోనూ, పిచింగ్‌లోనూ మేటి అయిన ఆయనకు 2018లో ఒకసారి మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2023 ఆగస్టులో అదే మోచేతి లిగమెంట్ మళ్లీ చిరగగా, సెప్టెంబరులో రెండోసారి శస్త్రచికిత్స చేశారు. మూడు నెలలు తిరగకుండానే డాడ్జర్స్ ఆయనతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అందులో 68 కోట్లను 2034 నుంచి 2043 వరకు చెల్లిస్తారు. ఒప్పంద కాలంలో ఆయన ఏటా తీసుకునేది 20 లక్షల డాలర్లే.

2024లో ఓతానీ ఒక్క బంతి కూడా పిచ్ చేయలేదు. అయినా 54 హోమ్ రన్లు కొట్టి, 59 బేస్‌లు దొంగిలించారు. డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2025 జూన్‌లో ఆయన పిచర్‌గా తిరిగి వచ్చారు. ఆ ఏడాది కూడా కప్పు డాడ్జర్స్‌దే. ఒక మోచేయి పనిచేయకపోయినా బ్యాటు పనిచేస్తుందన్న లెక్క ఫలించింది.

డిగ్రామ్ విషయంలో లెక్క అంత సులువుగా తేలలేదు. 18.5 కోట్ల డాలర్ల ఒప్పందంలో తొలి ఏడాది ఆరు మ్యాచ్‌లు ఆరంభించేసరికే మోచేయి దెబ్బతింది. విమర్శకుల మాట నిజమైనట్టే కనిపించింది. విచిత్రంగా అదే ఏడాది, 2023లో, రేంజర్స్ తన చరిత్రలో తొలి వరల్డ్ సిరీస్ గెలిచింది. 2025లో డిగ్రామ్ ఆరోగ్యంగా ఆడి మళ్లీ ఆల్‌స్టార్ అయ్యారు. ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అని డల్లాస్ పరిసరాల్లో ఇప్పుడు అడిగితే, ఎనిమిదేళ్ల పిల్లవాడి నుంచి ఎనభై ఏళ్ల తాత దాకా ఎవరి వాదన వారికి ఉంటుంది.

అభిమానులు చూసేది, చూడలేనిది

ఈ చర్చల్లో అభిమానుల లెక్కలు చాలా పదునైనవి. ఎవరికి ఎన్నేళ్ల సర్వీసు మిగిలింది, ఏ జట్టు పన్ను పరిధిని దాటింది, ఇచ్చిన యువ ఆటగాళ్ల విలువ ఎంత అనేవన్నీ కొందరు వేళ్ల మీద చెబుతారు. ఆ ఆసక్తి వెనుక స్వార్థం లేదు, మమకారం ఉంది. 1919 డిసెంబరులో బేబ్ రూత్‌ను బోస్టన్ లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేసింది. 1918లో కప్పు గెలిచిన ఆ జట్టు మళ్లీ గెలవడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక శీతాకాలపు బేరం మూడు తరాలను వెంటాడగలదని బోస్టన్ ప్రజలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే అభిమానుల చేతికి అందని కాగితం ఒకటుంది. అది ఆటగాడి స్కానింగ్ నివేదిక. ఒప్పందం తప్పిపోయిందన్న వార్త మాత్రం అందరికీ తెలుస్తుంది. నివేదికలో ఏముందో తెలియని లక్షల మంది ఆ శరీరం గురించి తీర్పులు చెబుతారు. ఆ తీర్పుల బరువు మోయాల్సింది మాత్రం ఆటగాడొక్కరే.

అందుకు రాకర్ ప్రయాణమే సాక్ష్యం. 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో మెట్స్ ఆయన్ను పదో స్థానంలో తీసుకుంది. 60 లక్షల డాలర్లకు అవగాహన కుదిరిందని వార్తలు వచ్చాయి. గడువు ముగిసేనాటికి సంతకం మాత్రం జరగలేదు. విశ్వవిద్యాలయ బేస్‌బాల్‌లో మారుమోగిన పేరుకు ఒక్క రోజులో ‘అనుమానం ఉన్న చేయి’ అనే ముద్ర పడింది. ఆ సెప్టెంబరులో భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని, మరుసటి ఏడాది ఓ చిన్న స్వతంత్ర లీగ్‌లో ఆడి తనను తాను మళ్లీ నిరూపించుకున్నారు. 2022లో రేంజర్స్ ఆయన్ను మూడో స్థానంలోనే ఎంచుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. 2023 మేలో మోచేయి దెబ్బతింది. పదహారు నెలల తర్వాత సియాటిల్‌లో ఆయన మేజర్ లీగ్ గడప దాటారు. 2025లో నిలకడ దొరక్క కొంతకాలం మైనర్ లీగ్‌కు వెళ్లాల్సి వచ్చింది.

మెట్స్ వైద్యులు సరిగ్గానే చెప్పారని ఒకరు వాదించవచ్చు. వద్దన్న చేయే మేజర్ లీగ్ దాకా వచ్చిందని మరొకరు బదులివ్వవచ్చు. రెండూ అబద్ధం కావు. వైద్య నివేదిక ధరను తేల్చగలదు, సంవత్సరాలను కత్తిరించగలదు, ఒప్పందాన్ని ఆపగలదు. ఆ మనిషి మళ్లీ ఎలా లేస్తారో మాత్రం అందులో రాసి ఉండదు.

యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. జీతాలు, పన్నులు, సర్వీసు నిబంధనలు మళ్లీ చర్చకు వస్తాయి. బజారు నియమాలు ఎలా మారినా, ఏ సంతకానికైనా ముందు ఆటగాడు చొక్కా విప్పి వైద్యుడి ఎదుట కూర్చోక తప్పదు. బయట చలిలో అభిమానులు ఆ తలుపు తెరుచుకునే క్షణం కోసమే ఎదురుచూస్తుంటారు.